పక్కింటి పిన్నిగారు అడిగిన మాట - అజాన్ అర్థం మీ పేపర్లో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఒంగోలు. నూర్ బాషాలం, ఊళ్లల్లో దూదేకులోళ్లు అంటారు చూడండి, వాళ్లం. మా నాన్నది పరుపుల కొట్టు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, ఉర్దూ అంతంతమాత్రం, మీ పేపర్ మాత్రం నేను ఐదో క్లాసు నుంచి చదువుతున్నా. ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన వారం సాయంత్రం పక్కింటి పిన్నిగారు మా అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు, నేనూ ఒక చెయ్యి వేశా, అప్పుడే మసీదు మైకులో అసర్ అజాన్ మొదలైంది. ఆవిడ చేతిలో కాయ అట్లాగే పట్టుకుని "అమ్మాయ్, ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా, రోజుకి ఐదుసార్లు అక్బర్ అక్బర్ అంటారు కదా, ఆ చక్రవర్తిని మీరు ఇంకా అంతగా తలుచుకుంటారా?" అన్నారు.

వెటకారానికి అన్న మాట కాదండీ అది. నా కాన్పప్పుడు నాకు పథ్యం వండిపెట్టిన మనిషి ఆవిడ. నిజంగానే తెలీక అడిగారు. ఇన్నేళ్లుగా రోజూ చెవిన పడే మాటకి అర్థం ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పక్కనే ఉండి నేనూ చెప్పలేదు, పేపర్లూ చెప్పలేదు. రంజాన్ వస్తే హలీం ఫొటో వేస్తారు, సహరీ ఇఫ్తార్ టైములు వేస్తారు, బక్రీద్‌కి పొట్టేళ్ల రేట్లు వేస్తారు, ఇంకెక్కడైనా గొడవ జరిగితే ఇస్లాం అనే మాట మొదటి పేజీలోకి వస్తుంది. ఈ రెండింటికీ మధ్యలో అసలు మతం ఏం చెప్తుందో, ఎట్లా మొదలైందో తెలుగులో మామూలు మాటల్లో రాసింది నేనైతే పేపర్లో పెద్దగా చూడలేదు. అందుకే పిన్నిగారికి చెప్పిందే మీకూ రాస్తున్నా.

అక్బర్ అంటే అరబ్బీలో "అందరికన్నా గొప్పవాడు" అని. అల్లాహు అక్బర్ అంటే దేవుడే గొప్పవాడు, అంతే. అక్బర్ చక్రవర్తి పుట్టింది 1542లో, అజాన్ అంతకు 900 ఏళ్లకి పైగా ముందు నుంచే ఉంది. మా సున్నీల అజాన్‌లో ఆ మాట మొదట నాలుగుసార్లు అంటారు, తర్వాత "అల్లాహ్ తప్ప ఆరాధించదగిన వాడు వేరే లేడని సాక్ష్యమిస్తున్నా" అని రెండుసార్లు, "ముహమ్మద్ అల్లాహ్ పంపిన ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నా" అని రెండుసార్లు, తర్వాత కుడివైపు తల తిప్పి "నమాజుకి రండి", ఎడమవైపు తిప్పి "సాఫల్యానికి రండి", మళ్లీ దేవుడే గొప్పవాడు, చివర్న "అల్లాహ్ తప్ప వేరే దైవం లేడు". మొత్తం ఇంతే. ఎవర్నీ తిట్టేది లేదు, ఎవరి మీదకీ పిలిచేది లేదు, టైమ్ అయింది రండి అని పిలుపు.

ఈ పిలుపు ఎట్లా పుట్టిందో మా నాయనమ్మ చెప్పేది. మదీనాలో మసీదు కట్టుకున్నాక జనాన్ని నమాజుకి ఎట్లా పిలవాలా అని మాట్లాడుకున్నారట, కొమ్ము ఊదుదామా, గంట కొడదామా అని. అప్పుడు అబ్దుల్లా బిన్ జైద్ అనే ఆయనకి కలలో ఈ మాటలు వినపడ్డాయని వచ్చి చెప్తే, ప్రవక్త "ఇవి బిలాల్‌కి నేర్పు, ఆయన గొంతు నీకన్నా బావుంటుంది" అన్నారని హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, పనులు చెప్పే గ్రంథాల్లో ఉంది.

బిలాల్ ఎవరో తెలిస్తే అజాన్ ఇంకోలా వినపడుతుందండీ. ఆయన నల్లజాతి మనిషి, వాళ్లమ్మది అబిసీనియా, ఇప్పటి ఇథియోపియా వైపు. మక్కాలో ఉమయ్యా అనే పెద్దమనిషి దగ్గర బానిస. దేవుడొక్కడే అన్నందుకు మిట్టమధ్యాహ్నం కాలిపోయే ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టారు, విగ్రహాల పేరు చెప్పు వదిలేస్తాం అంటే ఆయన నోట్లోంచి వచ్చింది "అహద్, అహద్" అన్న మాట ఒకటే. అహద్ అంటే ఒక్కడు అని. ప్రవక్త స్నేహితుడు అబూబకర్ డబ్బు కట్టి ఆయన్ని విడిపించారు. అదే బిలాల్ 630లో ముస్లింలు మక్కాలోకి తిరిగొచ్చిన రోజున కాబా పైకెక్కి అజాన్ ఇచ్చారు, నిన్నటిదాకా మెడకి తాడేసి వీధుల్లో ఈడ్చిన ఊళ్లో. మక్కాలోని కురైష్ తెగ పెద్దలు కొంతమంది ఒక నల్లవాడు కాబా ఎక్కడమేంటి అని గొణిగారని చెప్తారు. మా నాయనమ్మ ఇది చెప్పినప్పుడల్లా కొంగుతో కళ్లు తుడుచుకునేది. మా తాతలు దూది ఏకడానికి విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగినోళ్లు, ఊళ్లోవాళ్లు గుమ్మం బయటే నిలబెట్టి పని చేయించుకునేవాళ్లు, ఉర్దూ వచ్చిన సాయిబులు కూడా మమ్మల్ని కాస్త తక్కువగా చూసినోళ్లే. అందుకని ఆమెకి బిలాల్ అంటే ఇంట్లో మనిషి కింద లెక్క.

ఇక ప్రవక్త సంగతి. 570 ప్రాంతంలో మక్కాలో పుట్టారు, పుట్టకముందే తండ్రి పోయారు, ఆరేళ్లకి తల్లి పోయింది, తాత, తర్వాత తండ్రి సోదరుడు అబూతాలిబ్ పెంచారు. వ్యాపారం చేశారు, నమ్మకస్తుడని అమీన్ అనేవాళ్లు. ఆయన్ని మొదట పనిలో పెట్టుకుని తర్వాత పెళ్లి చేసుకున్న ఖదీజా గారు ఆ రోజుల్లోనే ఒంటెల బిడారులు పంపి సొంతంగా వ్యాపారం నడిపిన ఆవిడ. 610లో, నలభై ఏళ్ల వయసులో, హిరా కొండ గుహలో ఒంటరిగా ధ్యానంలో ఉండగా జిబ్రీల్ దూత వచ్చి "ఇఖ్రా" అన్నారు, అంటే చదువు అని. నాకు చదవడం రాదు అన్నారాయన. వణికిపోతూ ఇంటికొచ్చి దుప్పటి కప్పమంటే కప్పి ధైర్యం చెప్పింది ఖదీజా గారే, ఆయన్ని మొదట నమ్మిందీ ఆవిడే. ఈ ముక్క మా ఆడవాళ్ల దగ్గర ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు.

అట్లా 23 ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా వచ్చిందే ఖురాన్. 114 సూరాలు, అంటే అధ్యాయాలు, 30 పారాలు, అంటే భాగాలు. విన్నవాళ్లు కంఠస్థం చేశారు, తోలు మీద, ఖర్జూరం మట్టల మీద, ఎముకల మీద రాసుకున్నారు, ప్రవక్త పోయాక మొదటి ఖలీఫా, అంటే ముస్లింల నాయకుడు, అయిన అబూబకర్ కాలంలో జైద్ బిన్ సాబిత్ అనే లేఖకుడు అన్నీ ఒకచోట చేర్చారు, మూడో ఖలీఫా ఉస్మాన్ కాలంలో ఒకే పాఠంతో ప్రతులు రాయించి ఊళ్లకి పంపారు. మన తెలుగులోకి ఖురాన్ తెచ్చినవాళ్లలో చిలుకూరి నారాయణరావు గారనే పెద్ద పండితుడు ఉన్నారని చాలామందికి తెలీదు, అర్థం తెలుసుకోవాలంటే అరబ్బీ వచ్చి తీరాలని భయపడక్కర్లేదు.

మా ఒంగోల్లో క్రైస్తవులు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్లకి చెప్పాల్సిన కథ ఒకటుంది. మక్కాలో బాధలు పడలేక 615 ప్రాంతంలో కొందరు ముస్లింలు సముద్రం దాటి అబిసీనియా వెళ్లిపోయారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. మక్కా వాళ్లు కానుకలు పట్టుకుని వెంటే వచ్చి వీళ్లని మాకప్పగించండి అంటే, రాజు వీళ్లని పిలిచి మీరు నమ్మేదేంటో చెప్పండి అన్నాడు. జాఫర్ అనే కుర్రాడు లేచి ఖురాన్‌లో మర్యమ్ సూరా చదివాడు, మరియమ్మ ఒంటరిగా ఖర్జూరం చెట్టు మొదట్లో నొప్పులు పడి బిడ్డని కన్న ఘట్టం అది. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడట, కానుకలు తిప్పి పంపించి వీళ్లని ఉండనిచ్చాడు. యేసుని మేం ఈసా అలైహిస్సలాం అంటాం, కన్యకి పుట్టిన ప్రవక్త అని నమ్ముతాం, దేవుని కుమారుడు అనే దగ్గర మాత్రం మాకూ వాళ్లకీ తేడా. ఆదం, నూహ్, ఇబ్రాహీం, మూసా, దావూద్, వీళ్లంతా మాకు ప్రవక్తలే. దూతలు, తౌరాత్, జబూర్, ఇంజీల్ లాంటి వెనకటి గ్రంథాలు, తీర్పు రోజు, విధి, వీటన్నిటినీ నమ్మితేనే ఈమాన్, అంటే విశ్వాసం, పూర్తయినట్టు.

మక్కాలో ఇక బతకనివ్వరని తెలిసి ప్రవక్త 622లో మదీనా వెళ్లారు, దాన్నే హిజ్రత్ అంటారు, మా క్యాలెండర్ అక్కణ్నుంచే లెక్క. తర్వాత మక్కా వాళ్లతో బద్ర్, ఉహుద్, కందకం యుద్ధాలు, హుదైబియా ఒప్పందం, 630లో మక్కాకి తిరిగి రావడం, 632లో ఆయన చనిపోయారు. ఆ రోజు ప్రవక్త సహచరుడు ఉమర్ అంతటివాడే నమ్మలేక ఆయన పోలేదు అని అరుస్తుంటే అబూబకర్ నిలబడి "ముహమ్మద్‌ని ఆరాధించేవాళ్లు ఉంటే ముహమ్మద్ చనిపోయారు, అల్లాహ్‌ని ఆరాధించేవాళ్లు ఉంటే అల్లాహ్ బతికే ఉన్నాడు, ఆయనకి చావు లేదు" అన్నారు. మమ్మల్ని మహమ్మదీయులు అని ఇప్పటికీ రాస్తుంటారు కొందరు, ఆ మాట విన్నప్పుడు నాకిది గుర్తొస్తుంది. ముస్లిం అంటే దేవుడికి తనని తాను అప్పగించుకున్నవాడు. సలాం, ఇస్లాం, ముస్లిం అన్నీ ఒకే ధాతువులోంచి వచ్చిన మాటలే.

ఇంకో విన్నపం, మొహర్రం పదో రోజున దయచేసి పండుగ శుభాకాంక్షలు అని వేయకండి. ప్రవక్త మనవడు హుసేన్ గారిని 680లో కర్బలా ఎడారిలో నీళ్లు కూడా అందకుండా చేసి కుటుంబంలో చాలామంది మగవాళ్లతో సహా చంపిన రోజది. హుసేన్ గారి తండ్రి, నాలుగో ఖలీఫా అలీ గారి వంశానికే నాయకత్వం దక్కాలనేవాళ్లు షియాలయ్యారు, మిగతావాళ్లం సున్నీలం. మన ఊళ్లల్లో పీర్లు లేపేది, గుండం తొక్కేది ఆ హుసేన్ పేరు మీదే, అందులో హిందువులే ఎక్కువ ఉన్న ఊళ్లు నేను చూశా. మౌలానాలు పీర్లు మతంలో లేవంటారు, శాస్త్రం ప్రకారం వాళ్ల మాట నిజమే. కానీ ఎక్కడో ఇరాక్‌లో జరిగిన చావుకి ప్రకాశం జిల్లా పల్లెలో రైతులు చెప్పులు విడిచి నడుస్తారంటే నాకైతే దాన్ని తప్పు అనడానికి నోరు రాదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో రొట్టెలు మార్చుకునేదీ మొహర్రంలోనే.

నమాజు గురించి చెప్పాలంటే మా నాయనమ్మ కొమ్ముచెంబు చెప్పాలి. ఒక్క చెంబు నీళ్లతో వుజూ, అంటే నమాజుకి ముందు కడుక్కోవడం, మొత్తం అయిపోయేది ఆమెకి. చేతులు, పుక్కిలింత, ముక్కు, మొహం, మోచేతుల దాకా, తడి చేత్తో తల ఒక్కసారి నిమరడం, చివర్న కాళ్లు, తల తప్ప మిగతావి మూడేసి సార్లు, చెంబు అడుగున ఇంకా గుక్కెడు మిగిలేది, అది తులసి పక్కన ఉన్న మల్లెపాదుకి పోసేది. అవునండీ, మా ఇంట్లో తులసి ఉంది, దగ్గుకి. తర్వాత పడమటి వైపు చాప వేసుకునేది, ఎందుకంటే మన దగ్గర్నుంచి మక్కా అటే. పడమటి దిక్కుకి మొక్కుతారా అని అడుగుతారు, దిక్కుకీ కాదు కాబాకీ కాదు, అందరూ ఒకేవైపు నిలబడడానికి అదొక గుర్తు. మొదట్లో జెరూసలేం వైపు చదివేవాళ్లు, మదీనా వచ్చిన ఏడాదిన్నర లోపు కాబా వైపుకి మారింది. కాబాలో ఉన్న నల్లరాయిని ముద్దుపెట్టుకుంటూ ఉమర్ గారు "నువ్వు రాయివని నాకు తెలుసు, నీ వల్ల మేలూ లేదు కీడూ లేదు, ప్రవక్త ముద్దు పెట్టుకోవడం చూశా కాబట్టి పెడుతున్నా" అన్నారు. తెల్లారుజామున ఫజర్‌కి 2 రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి), మధ్యాహ్నం జొహర్ 4, సాయంత్రం అసర్ 4, పొద్దుగూకాక మగ్రిబ్ 3, రాత్రి ఇషా 4, ఫర్జ్ అంటే తప్పనిసరివి వరకు రోజుకి 17. ప్రతి రకాతులో ఫాతిహా సూరా చదవాలి, ఏడే వాక్యాలు, "మాకు సరైన దారి చూపించు" అని అడగడం అందులో ఉంది. సజ్దాలో నుదురు నేలకి ఆనాలి, కలెక్టర్ అయినా కూలీ అయినా భుజానికి భుజం ఆనించి ఒకే వరసలో.

రంజాన్ ప్రతి ఏడూ ఎందుకు మారుతుంది అని కూడా పిన్నిగారు అడిగారు. చంద్రుడి ఏడాదికి 354 రోజులు, మీ పంచాంగం కూడా చంద్రుడిదే కానీ మూడేళ్లకోసారి దాదాపుగా అధికమాసం వేసి సర్దుతారు, మాకు అధికమాసం లేదు, ఖురాన్ అది వద్దంది. అందుకే ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్లలో అన్ని ఋతువులూ చుట్టేస్తుంది. రోహిణి కార్తెలో ఒక్కపొద్దు వస్తే ఒంగోలు ఎండకి గొంతు పిడచకట్టుకుపోతుంది, ఉమ్మి మింగడానికి కూడా ఉండదు నోట్లో. జబ్బు ఉన్నవాళ్లకి, ప్రయాణంలో ఉన్నవాళ్లకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వెసులుబాటు ఉంది, తర్వాత ఉండొచ్చు.

అయితే పేపర్లో అసలు కనపడనిది జకాత్, అంటే ఏటా ఇచ్చి తీరాల్సిన దానం. రంజాన్ మొదటి వారంలో మా నాన్న కొట్టు మూశాక ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. ఏడాది పాటు నిలిచిన సొమ్ము ఎంత, సరుకు ఎంత, అమ్మ మెడలో బంగారం ఎంత, ఇవ్వాల్సిన అప్పులు ఎంత తీసేయాలి. పాత లెక్కలో 7.5 తులాల బంగారం లేదా 52.5 తులాల వెండి విలువ దాటితే వందకి రెండున్నర ఇచ్చి తీరాలి, లక్షకి 2500. తల్లిదండ్రులకి, సొంత పిల్లలకి ఇస్తే చెల్లదు. నాన్న దూదిపోగులు అంటుకున్న చేతులతో ఆ డబ్బులు కవర్లలో పెట్టి, పేర్లు రాయకుండా, చీకటి పడ్డాక పంచొచ్చేవాడు. మంచి ఏడాది వచ్చినప్పుడు నేను ఏడుపు మొహం పెట్టి ఇంత ఎందుకు ఇవ్వాలి అంటే "మనం ఇస్తున్నది కాదమ్మా, వాళ్లది మన దగ్గర ఉండిపోయింది" అన్నాడు. పండగ నమాజుకి ముందే ఫిత్రా అనే దానం వేరే ఇవ్వాలి, బీదవాళ్లు కూడా ఆ రోజు వండుకోవాలి కదా.

హజ్ స్తోమత ఉన్నవాళ్లకి జీవితంలో ఒక్కసారి. మా పెద్దమ్మ వెళ్లొచ్చి అరఫాత్ మైదానం గురించి, కుట్టు లేని రెండు తెల్లబట్టల్లో మగవాళ్లందరూ ఒకేలా కనపడడం గురించి చెప్పింది కానీ నా మనసులో ఉండిపోయింది సఫా మర్వా. ఇబ్రాహీం భార్య హాజరా చంటిబిడ్డ ఇస్మాయీల్‌తో ఎడారిలో ఒంటరిగా మిగిలి, బిడ్డ దాహానికి ఏడుస్తుంటే ఆ రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరిగెత్తింది, అప్పుడు జమ్ జమ్ నీరు పుట్టింది. ఇప్పటికీ రాజైనా ఎవరైనా హజ్‌కి వెళ్తే ఆ తల్లి తిరిగినట్టే ఏడుసార్లు తిరగాలి.

ఇవన్నీ మాలో సరిగ్గా జరుగుతున్నాయని చెప్పనండీ. పెళ్లిలో మగవాడు ఆడపిల్లకి మెహర్ ఇవ్వాలి, మతంలో ఉన్నది అదొక్కటే, కానీ మా వాళ్లలో మెహర్ కాగితం మీద రాసి కట్నం చేతికి పుచ్చుకునేవాళ్లు ఎంతమందో. ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఖురాన్‌లోనే రాసి ఉంది, కొడుకు వాటాలో సగం, ఆ సగమైనా ఇచ్చేవాళ్లు తక్కువ. మా తప్పుల గురించి మీరు రాయండి, రాయాలి కూడా, మతం చెప్పిందేంటో పక్కన వేసి రాస్తే మా ఇళ్లల్లో ఆడపిల్లలకి అది చూపించి అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

పిన్నిగారికి ఇదంతా చెప్పిన మూడో రోజు పొద్దున్నే పాలపేకెట్లు తీసుకుంటూ పిలిచారు. "అమ్మాయ్, తెల్లారుజామున ఒక ముక్క ఎక్కువ చదువుతున్నారు, నువ్వు చెప్పినదాంట్లో అది లేదు, ఇవాళ జాగ్రత్తగా విన్నా" అన్నారు. నిజమే, ఫజర్ అజాన్‌లో మాత్రం "నిద్ర కన్నా నమాజు మేలు" అని రెండుసార్లు ఎక్కువ ఉంటుంది. అరబ్బీలో ఒక్క ముక్క రాని మనిషి చెవితోనే పట్టేశారు, నేనే చెప్పడం మర్చిపోయా. ఆ గంటకే లేచి ఆవిడ కల్లాపి చల్లుకుంటారు, కాబట్టి రోజూ వినపడేదే. ఇంకా ఏమైనా ఉందా అంటే, బిడ్డ పుట్టగానే కుడిచెవిలో మెల్లగా ఇదే అజాన్ చెప్తారని, మనిషి పోయినప్పుడు చదివే జనాజా నమాజుకి అజాన్ ఉండదని, పుట్టిన రోజు చెవిలో చెప్పిందే దానికి అని మా పెద్దలు అంటారని చెప్పా. మా అబ్బాయి చెవిలో మా నాన్న చెప్పినప్పుడు ఆవిడ ఆ గదిలోనే ఉన్నారు, అప్పుడు దిష్టి తీస్తున్నారేమో అనుకున్నారట.

మీరు రంజాన్ నెలలో టైముల బాక్స్ వేస్తారు కదా సార్, ఈసారి దాని కింద అజాన్ మాటలు తెలుగు అర్థంతో వేయండి. నేను పైన రాసిందాంట్లో తప్పేమైనా ఉంటే ఎవరైనా మౌలానా గారికి చూపించి సరిచేసి వేయండి, ఫజర్ ముక్క మాత్రం వదిలేయొద్దు.

ఇట్లు
ఒక పాఠకురాలు, ఒంగోలు